సైగాన్‌కు మొదటిసారి పోతున్నరా? బండి కిరాయికి తీసుకునే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ వియత్నాంలోని హో చి మిన్ సిటీ గురించి. పాత పేరు సైగాన్. 1976లో అధికారికంగా పేరు మారింది గాని అక్కడి జనం నోట్లో ఇప్పటికీ సైగానే నడుస్తది. చిన్నగ ఉంది కాబట్టి నేను కూడా అట్లనే అంట.

తాండూరు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. బండల పాలిషింగ్ యూనిట్‌లో పని. రెండేండ్లు చిట్టీ కట్టి అరవై వేలు జమ చేసిండు. ఇద్దరు దోస్తులతోని ఐదు రోజులు సైగాన్ పోవాలని ప్లాన్. ముగ్గురికీ దేశం దాటుడు ఇదే మొదటిసారి. "అన్నా, ఇంటర్నేషనల్ లైసెన్స్ తీసుకుంటున్నం. అక్కడ బండి కిరాయికి తీసుకొని తిరుగుతం. ఏ బండి మంచిది?" ఇదీ ఆయన ప్రశ్న.

ఏ బండి అనేది తర్వాత. అసలు మన లైసెన్స్ అక్కడ చెల్లుతదా అన్నది ముందు చూడాలె. చెల్లదు. ఎందుకు చెల్లదో జర వివరంగా చెప్త, ఎందుకంటే ఈ ఒక్క విషయంలో ఇంటర్నెట్‌ల సగం వీడియోలు తప్పు చెప్తున్నయ్.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అంటే ప్రపంచం మొత్తానికి ఒకటే అనుకుంటం. కాదు. దీని వెనక రెండు వేర్వేరు ఒప్పందాలు ఉన్నయ్. ఒకటి 1949 జెనీవా ఒప్పందం, రెండోది 1968 వియన్నా ఒప్పందం. మన ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే పుస్తకం 1949 దాని కింద వచ్చేది. కావాలంటే అట్ట మీదనే చూడండి, ఆ సంవత్సరం అచ్చేసి ఉంటది. వియత్నాం ఒప్పుకునేది 1968 దాని కింద ఇచ్చినవి. రోడ్డు ట్రాఫిక్ మీద ఉన్న ఆ ఒప్పందంల మన దేశం లేదు. అంటే మీరు ఆఫీసు చుట్టూ తిరిగి, ఫీజు కట్టి, పుస్తకం పట్టుకొని పోయినా అక్కడి పోలీసు లెక్కల మీరు లైసెన్స్ లేనోళ్లే. థాయిలాండ్‌ల నడిచింది కదా, ఇక్కడ కూడా నడుస్తదిలే అనుకోవద్దు. దేశం దేశానికి లెక్క వేరు.

బండి కిరాయికి ఇచ్చేటోడు ఇవేం అడగడు. పాస్‌పోర్ట్ చూపించు, డబ్బులు కట్టు, తాళంచెవి తీసుకో, అంతే. వాడు ఇచ్చిండు కాబట్టి చట్టం ఒప్పుకున్నట్టు కాదు. పోలీసు ఆపితే జరిమానాతోని పోతది, అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఇన్సూరెన్స్. మీరు తీసుకునే ట్రావెల్ పాలసీ కాగితం తీసి చదవండి. చాలా పాలసీల్లో ఆ దేశంల చెల్లే లైసెన్స్ లేకుండా బండి నడిపి పడితే క్లెయిమ్ ఇయ్యం అని రాసి ఉంటది. కాలు ఇరిగి అక్కడి ప్రైవేట్ ఆస్పత్రిల ఆపరేషన్ అయితే ఆ బిల్లు ఎవరు కట్టాలె? తాండూరుల ఉన్న అమ్మానాయిన. అరవై వేల ట్రిప్పు, ఇంటి మీద లక్షల అప్పు అయి కూర్చుంటది.

దీనికి తోడు అక్కడ రూల్స్ బాగా టైట్ చేసిండ్రు. 2025 జనవరి 1 నుంచి కొత్త జరిమానాలు వచ్చినయ్. బండి మీద రెడ్ లైట్ దాటితే 40 లక్షల నుంచి 60 లక్షల డాంగ్. మన డబ్బుల్లో చూస్తే పదమూడు, పద్నాలుగు వేల నుంచి ఇరవై వేల దాకా. ఒక్క సిగ్నల్‌కు! తాగి నడిపే విషయంల అయితే 2020 నుంచి లిమిట్ సున్నా. ఒక బీరు తాగినా తాగినట్టే. హెల్మెట్ 2007 నుంచి వెనక కూసున్నోళ్లకు కూడా తప్పనిసరి. మన దగ్గర పోలీసు కనబడ్డప్పుడు పెట్టుకునే టోపీ లెక్క కాదు, అక్కడ అందరూ నిజంగానే పెట్టుకుంటరు.

"50 సీసీ లోపు బండికి లైసెన్స్ అక్కర లేదట కదా అన్నా" అని మళ్లీ అడుగుతరు. నిజమే, అట్లా ఒక రూల్ ఉంది. గాని కిరాయి షాపుల్లో ఎక్కువగా చేతిలో పెట్టేది 110, 125 సీసీలవి. దాంతో పాటు, ఆ ఊర్ల 70 లక్షలకు పైనే బైకులు ఉన్నయ్. ఎడమ పక్క కాదు, కుడి పక్క నడుపుతరు. బొంరాస్‌పేట, కొడంగల్ రోడ్డు మీద పదేండ్లు నడిపిన అనుభవం అక్కడ కుడికి తిరిగే మొదటి చౌరస్తల పనికొస్తదా అంటే, నాకైతే అనుమానమే.

మరి తిరుగుడు ఎట్లా? గ్రాబ్ అని ఒక యాప్ ఉంది. మన ర్యాపిడో, ఊబర్ రెండూ కలిపినట్టు. బైక్ టాక్సీ బుక్ చేస్తే డ్రైవరే హెల్మెట్ ఇస్తడు, రేటు ముందే కనబడ్తది, బేరం లేదు. కిరాయి బండి, పెట్రోలు, పార్కింగ్ లెక్కేస్తే పెద్ద తేడా ఏం రాదు. 2024 డిసెంబర్ 22న మెట్రో మొదటి లైన్ కూడా తెరిచిండ్రు. బెన్ థాన్ మార్కెట్ కాడి నుంచి సుయొయ్ టియెన్ దాకా 19.7 కిలోమీటర్లు, 14 స్టేషన్లు. టూరిస్టులు చూసే జాగలు ఎక్కువగా ఊరు నడిమిట్లనే ఉంటయ్, నడిచే దూరమే.

నడక అంటే రోడ్డు దాటుడు గురించి చెప్పాలె. ఖాళీ అయినంక దాటుదాం అని నిలబడితే పొద్దుమూకుతది. ఒకటే పద్ధతి: మెల్లగ, ఒకే స్పీడుల, ఆగకుండా నడవాలె. బైకులోళ్లు మీ నడకను అంచనా వేసి పక్క నుంచి పోతరు. మధ్యల ఆగుడు, భయపడి వెనక్కి ఉరుకుడు, ఈ రెండే ప్రమాదం. కార్లు, బస్సులు వస్తే మాత్రం ఈ లెక్క పని చేయదు, వాటికి దారి ఇడువండి. ఇంకోటి, ఫుట్‌పాత్ అంచున నిలబడి ఫోన్‌ల మ్యాప్ చూడొద్దు. బైక్ మీద వచ్చి ఫోన్ గుంజుకపోయే దొంగలకు సైగాన్ పేరుపొందింది. మ్యాప్ చూడాలంటే షాపు గోడకు వీపు ఆనించి చూడండి. ఫోన్ పోతే ఒక్క ఫోనే పోదు. టికెట్, వీసా, గ్రాబ్, డబ్బులు అన్నీ అందులనే కదా. వీసా ప్రింట్, పాస్‌పోర్ట్ జిరాక్స్ బ్యాగుల వేరేగా పెట్టుకోండి.

ఇగ వీసా. మనోళ్లు ఈ-వీసా తీసుకోవాలె. 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నరు. ఒకసారి పోయేదానికి 25 డాలర్లు, పలుమార్లు పోయేదానికి 50. మూడు పనిదినాలు అంటరు గాని వాళ్ల సెలవులు లెక్కల రావు, రెండు మూడు వారాల ముందే అప్లై చేయండి. గూగుల్‌ల కొట్టంగనే పైన వచ్చేవి చాలా వరకు ఏజెంట్ల సైట్లు, సర్కారు సైటు లాగనే కనబడ్తయ్. అసలు సైటు అడ్రస్ చివర్ల డాట్ గవ్ డాట్ వీఎన్ అని ఉంటది. అది లేకుంటే కార్డు నంబర్ కొట్టొద్దు.

మన తెలుగోళ్లకు ఇక్కడ ఒక స్పెషల్ తిప్పలు ఉంది: పేరు. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. కొందరి పాస్‌పోర్ట్‌ల ఇంటిపేరు డబ్బా ఖాళీగ ఉంటది. ఆధార్‌ల ఒకటి, టెన్త్ మెమోల ఒకటి. వీసా ఫారంల ఏది ఎక్కడ రాయాలో తెల్వక ఆగమైతరు. దీనికి ఒక ఉపాయం ఉంది. పాస్‌పోర్ట్ ఫోటో పేజీ కింద బాణం గుర్తులతోని రెండు వరుసలు ఉంటయ్ కదా, మెషీన్ చదివేవి. మొదటి వరుసల దేశం కోడ్ అయిపోయినంక వచ్చేది ఇంటిపేరు, జంట బాణాల తర్వాత వచ్చేది మీ పేరు. అక్కడ ఎట్లుంటే అట్లనే, అదే స్పెల్లింగు, అదే వరుస. టికెట్ మీద కూడా అదే ఉండాలె. పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్ ఒకరు చదివితే ఇంకొకరు చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా శంషాబాద్ చెకిన్ కౌంటర్‌లనే ఆపేయొచ్చు. అప్పుడు కొత్తగా అప్లై చేయాలె, ఫీజు మళ్లీ కట్టాలె, ఫ్లైట్ పోయిందే. పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు ఉండాలె అన్నది తెలిసిందే.

హోటల్ అడ్రస్ కాడ కూడా గందరగోళం ఉంటది. 2025 జూలై 1 నుంచి అక్కడ జిల్లాలు తీసేసిండ్రు, పక్కనున్న బిన్ యూంగ్, బా రియా వుంగ్ టౌ రాష్ట్రాలను సిటీల కలిపిండ్రు. పాత వీడియోల్లో 'డిస్ట్రిక్ట్ 1ల దిగండి' అని చెప్పేది ఇప్పుడు కాగితం మీద లేదు, వార్డులు ఉన్నయ్. జనం మాత్రం ఇంకా డిస్ట్రిక్ట్ 1 అనే అంటరు. మొదటిసారి అయితే బెన్ థాన్ చుట్టుపక్కల దిగండి. బుయ్ వియెన్ వీధి మీదనే రూమ్ తీసుకుంటే రాత్రి పాటలకు నిద్ర ఉండదు, రెండు గల్లీలు ఇవతల తీసుకోండి.

ఫ్లైట్ సంగతి తొందరగా చెప్పేస్త. 2025ల హైదరాబాద్ నుంచి సైగాన్‌కు నేరుగా ఫ్లైట్ మొదలైంది. రోజూ ఉండదు, కాబట్టి ముందు ఫ్లైట్ ఉన్న రోజులు చూసి తర్వాత లీవు పెట్టండి. నాలుగున్నర గంటలు అటుఇటు. మా బొంరాస్‌పేట నుంచి పరిగి, చేవెళ్ల మీదుగా శంషాబాద్ చేరి, లైన్ల నిలబడేసరికి అంతకంటే ఎక్కువే పడ్తది. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు.

డబ్బులు. వెయ్యి డాంగ్ అంటే సుమారు మూడు రూపాయల నలభై పైసలు. మూడు సున్నాలు కొట్టేసి, మూడున్నరతోని గుణిస్తే జర ఎక్కువ లెక్క వస్తది, అదే మంచిది. రోడ్డు పక్క నూడుల్స్ గిన్నె 50 వేల డాంగ్ అంటే గుండె ఆగుతది గాని అది నూట డెబ్బై రూపాయలే. నోట్లల్ల ఒకటి గుర్తుపెట్టుకోండి: 20 వేలది, 5 లక్షలది రెండూ నీలం రంగే. మసక వెలుతురుల ఒకటి అనుకొని ఇంకోటి ఇస్తే పదహారు వందలు గాలికి. ఈ రెండింటిని పర్సుల వేర్వేరు అరల పెట్టండి. రూపాయలు అక్కడ మార్చుడు కష్టం, ఇక్కడి నుంచి డాలర్లు తీసుకపోయి బ్యాంకుల మార్చుకోండి. యూపీఐ ఉంది కదా అని ఖాళీ జేబుతోని మాత్రం పోవద్దు.

తిండికి మూడు మాటలు చాలు. బో అంటే గొడ్డు మాంసం, హెయో అంటే పంది, గా అంటే కోడి. చికెన్ ఒక్కటే తినేటోళ్లు 'ఫో గా' అని అడగండి. శాకాహారులకు ఒక మంత్రం ఉంది, అచ్చం మన చాయ్ లాగనే పలకాలె: 'చాయ్'. వాళ్ల భాషల దాని అర్థం శాకాహారం. బోర్డు మీద ఆ మాట ఉన్న హోటల్ చూసి పోతే చేప సాస్ భయం ఉండదు. అమాస, పున్నానికి అక్కడ చాలామంది మాంసం ముట్టరు, ఆ దినాల్లో ఈ హోటళ్లు కిటకిటలాడ్తయ్. మా నాయనమ్మ వింటే ఆ దేశం మంచిదే అంటది.

చూసేవాటిల వార్ రెమ్నెంట్స్ మ్యూజియం, 1975 ఏప్రిల్ 30న యుద్ధ ట్యాంకు గేటు గుద్దుకొని లోపలికి వచ్చిన ప్యాలెస్, ఊరి బయట కూ చీ సొరంగాలు, ఇవి అందరూ చెప్తరు, పోండి. నేను అదనంగా రెండు చెప్త. బెన్ థాన్ మార్కెట్‌కు దగ్గరల మారియమ్మ గుడి ఉంది. ఫ్రెంచోళ్ల కాలంల పోయిన తమిళ వ్యాపారులు కట్టించింది. అప్పట్లో పాండిచ్చేరితో పాటు మన యానాం కూడా ఫ్రెంచోళ్ల చేతిలనే ఉండె, 1954 దాకా. ఇప్పుడు అక్కడ మొక్కేటోళ్లల్ల ఎక్కువ మంది వియత్నాం వాళ్లే, ఊదుబత్తులు పట్టుకొని గోడకు తల ఆనించి మెల్లగ చెప్పుకుంటరు. రెండోది జూ పక్కనున్న చరిత్ర మ్యూజియం. అందుల డాంగ్ యూంగ్‌ల దొరికిన కంచు బుద్ధుడు ఉన్నడు. ఆ విగ్రహంల అమరావతి శిల్ప శైలి ఛాయలు ఉన్నయని కళా చరిత్రకారులు అంటరు. కృష్ణ ఒడ్డు శైలి సముద్రం దాటి పోయింది చూడండి. ఆ కాలంల చంపా రాజ్యంల ఒక ప్రాంతం పేరే అమరావతి. ఎక్కువ మంది టూరిస్టులు ఆ గదిల రెండు నిమిషాలు కూడా ఆగరు.

ఎప్పుడు పోవాలె అంటే డిసెంబర్ నుంచి మార్చి మధ్యల. మే నుంచి నవంబర్ దాకా వానలు, గాని రోజంతా కొట్టదు, సాయంత్రం దంచి పోతది. టెట్ పండుగ వారం మాత్రం వద్దు. వాళ్ల కొత్త సంవత్సరం అది, 2027ల ఫిబ్రవరి 6. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఊరు ఖాళీ అయితది, షాపులు బంద్, టికెట్లు రెట్టింపు.

తాండూరు తమ్మునికి నేను రాసిన జవాబు ఇదే: పర్మిట్ ఫీజు మిగిలించుకోండి, ఆ డబ్బులు మంచి ఇన్సూరెన్స్ మీద పెట్టండి, ముగ్గురి ఫోన్లల్ల గ్రాబ్ వేసుకోండి. పోలీసు 113, అంబులెన్స్ 115 రాసి పెట్టుకోండి. సైగాన్‌ల మన దేశపు కాన్సులేట్ కూడా ఉంది. దాని అడ్రస్, ఫోన్ నంబర్ అధికారిక సైట్ నుంచి తీసుకొని ఒక కాగితం మీద రాసి ఇంట్ల కూడా ఇచ్చిపోండి.