మోకాళ్ల నొప్పి కాదు, స్థలం ఇబ్బంది చెప్పాలి

అమెరికా నుంచి తిరిగొచ్చాక నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "వదినగారూ, మీ అమ్మాయి ఒక్క గది వేసుకోడానికి అన్ని నెలలు పట్టిందా?" అని. పట్టింది మరి! సొంత స్థలమే, సొంత డబ్బే. అయినా ఊరివాళ్లు సరేనంటే గాని గోడ లేవదు. ఆ సంగతి నాలుగు మాటల్లో చెబితే, పిల్లలు అక్కడ ఉన్న తల్లులకు పనికొస్తుందనిపించింది.

మా అమ్మాయీ అల్లుడూ ఉండేది న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో. పడకగదులన్నీ మేడమీదే. మావారికి మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కలేరు. కింద ఒక గదీ, స్నానాలగదీ ఉంటే తప్ప మేము అక్కడ ఉండే యోగం లేదు. అల్లుడు ప్లాను గీయించి మునిసిపల్ ఆఫీసుకు పట్టుకెళ్లాడు. "పక్కింటి సరిహద్దు నుంచి 10 అడుగులు వదలాలి, మీరు 6 అడుగులే వదులుతున్నారు. వేరియన్స్‌కు దరఖాస్తు పెట్టుకోండి" అని తిప్పి పంపారు.

ఈ వేరియన్స్ ఏమిటంటారా? అక్కడ ప్రతి ఊరినీ జోన్లుగా విడదీస్తారు. ఇళ్లు ఇక్కడ, దుకాణాలు అక్కడ, ఎత్తు ఇంత, చుట్టూ వదలాల్సిన జాగా ఇంత అని నియమం పెడతారు. నగరమంతటికీ ఇలాంటి నియమాలు మొదట చేసింది న్యూయార్క్, 1916లో. ఊళ్లకు ఆ అధికారం ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1926లో తీర్పు చెప్పింది. అయితే నియమం అందరికీ ఒకటే గాని స్థలాలన్నీ ఒకలా ఉండవు గదా! ఒకటి కోసుగా ఉంటుంది, ఒకటి పల్లంలో ఉంటుంది. అలాంటి చోట ఇచ్చే మినహాయింపే వేరియన్స్.

న్యూజెర్సీలో దీనికి 1975లో చేసిన చట్టం ఉంది. కొలతల్లో సడలింపు అడిగితే 'సి' రకం. ఇళ్ల జోన్‌లో దుకాణం పెడతామన్నట్టు, వాడకమే మార్చమంటే 'డి' రకం. 'డి' రకానికి ఏడుగురు సభ్యుల బోర్డులో కనీసం అయిదుగురు ఒప్పుకోవాలి. మాది 'సి' రకం, కాస్త తేలిక.

తేలికన్నాను గాని, మొదటి అడుగులోనే పొరపాటు చేశాం. అమ్మాయి దరఖాస్తు రాసింది. చదివితే నాకే కళ్లనీళ్లు తిరిగాయి. నాన్నగారి మోకాళ్లు, డాక్టరు ఉత్తరం, మెట్లమీద పడిన రోజు, అన్నీ ఉన్నాయి. తీసుకెళ్లి ఒక లాయరుకు చూపిస్తే ఆయన నెమ్మదిగా ఒక మాటన్నాడు. "అమ్మా, బోర్డు చూసేది మీ కష్టం కాదు, మీ స్థలం కష్టం."

మాకు చివుక్కుమంది. తరవాత ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. వేరియన్స్ మనిషికి ఇచ్చేది కాదు, నేలకు ఇచ్చేది. రేపు ఇల్లు అమ్మేసినా కొన్నవాళ్లకు ఆ గది చెల్లుతుంది. మోకాళ్లు మాత్రం మావారితోనే పోతాయి! అందుకని దరఖాస్తు మళ్లీ రాశారు. మాది మూలస్థలం, రెండు వైపులా వీధులే. ఆ ఊరి నియమం ప్రకారం రెండు వీధుల వైపూ ముంగిలి అంత జాగా వదలాలి. వెనక వైపు నేల వాలుగా ఉంది. ఇక గదికి చోటు మిగిలింది పక్కింటి వైపే. ఇదీ అసలు కారణం. ఈ ఇబ్బంది మనం తెచ్చిపెట్టుకున్నదై ఉండకూడదు. జాగా అమ్ముకుని ఇరుకు చేసుకున్నవాళ్ల మాట సాగదు. చుట్టుపక్కల వాళ్లకు చెప్పుకోదగ్గ నష్టం లేదనీ, ఊరి ప్రణాళిక దెబ్బ తినదనీ కూడా చూపించాలి.

దరఖాస్తుతో పాటు సర్వే పటం, గది ప్లాను, ఫొటోలు పెట్టాలి. రుసుమే కాక కొంత డిపాజిట్ కూడా కట్టించుకుంటారు. కాగితాలు పరిశీలించే ఇంజనీరు వగైరాల ఖర్చు దాంట్లోంచి పోను, మిగిలింది తిరిగి ఇస్తారు. ఇది ముందే లెక్కలో వేసుకోండి. తరవాత 200 అడుగుల లోపు స్థలాలున్న వాళ్లందరికీ, విచారణకు కనీసం 10 రోజుల ముందు, స్వయంగా గాని, మన రిజిస్టరు ఉత్తరం లాంటి దాని ద్వారా గాని నోటీసు అందజేయాలి. పత్రికలోనూ వేయించాలి. వాళ్ల పేర్ల జాబితా మునిసిపాలిటీయే ఇస్తుంది. ఇందులో ఒక్క పేరు తప్పినా విచారణ వాయిదా పడే ప్రమాదం ఉంది.

ఉత్తరం వేశాం గదా అని ఊరుకోకండి. పొరుగువాళ్లను ముందే కలవండి. మేము ఆ పని చెయ్యలేదు. విచారణనాడు ప్రమాణం చేసి అల్లుడు చెప్పుకున్నాక, పక్కింటావిడ లేచింది. ఒంటరి ముసలావిడ. "ఆ గది కిటికీ సరిగ్గా నా పెరట్లోకి చూస్తుంది. మీ కప్పుమీద వాన నా పూలమొక్కల్లో పడుతుంది" అంది. నాకు మొదట కోపం వచ్చింది. కాని ఆవిడన్నది అబద్ధమా? మా ఇంటి పక్కన ఎవరైనా అలా కడితే నేను ఊరుకుంటానా? కిటికీ ఎత్తుగా పెడతాం, కప్పు నీళ్లు గొట్టంతో మా వైపే వదులుతాం, సరిహద్దున పొదలు నాటుతాం అని అల్లుడు అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. బోర్డు ఆ మూడూ షరతులుగా రాసుకుని అనుమతి ఇచ్చింది.

అంతటితో తాపీ పట్టకూడదు. తీర్మానం రాతపూర్వకంగా రావాలి, పత్రికలో పడాలి. ఆ తరవాత 45 రోజుల దాకా ఎవరైనా కోర్టుకు వెళ్లవచ్చు. కట్టడానికి పర్మిట్ వేరే తీసుకోవాలి.

మన దగ్గర ముందు కట్టేసి, తరవాత డబ్బు కట్టి సరిచేయించుకునే అలవాటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో, తెలంగాణలో 2015లో అలాంటి క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. వాటిలో పక్కింటివాళ్లను పిలిచి మీకేమిటి ఇబ్బంది అని అడగడం నేనైతే చూడలేదు. అక్కడ అడిగారు. ఆలస్యమైతే అయింది గాని, గది పూర్తయ్యాక మొదట చూడవచ్చింది ఆ పక్కింటావిడే. చేతిలో తన పెరటి పూలు పట్టుకుని, మావారి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగింది.