సముద్రమున కావలి జీతములు

జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండియు, కడప, కోనసీమలనుండియు గల్ఫు దేశములకు బోయిన మనవారి జీతములనుగూర్చి పాఠకులతో కొన్ని మాటలు చెప్పదలచితిమి. ఫలానావారి కుమారుడు దుబాయికి బోయినాడని ఊరూర చెప్పుకొనుట కలదు. నెల తిరిగినప్పుడు వానికి జీత మే లెక్కన నిచ్చుచున్నారో, అందేమేమి కోయుచున్నారో విచారించువా రరుదు. ఏజెంటునకు చెల్లించుటకై వానికి వడ్డీకి అప్పిచ్చినవారు మనలోనే యున్నారు. జీతమాగిన నెలలో ఆ వడ్డీ యాగదు గదా!

ఈ కష్టము క్రొత్తది కాదు. మున్ను రంగూనునకు ఓడ యెక్కిన తెలుగు కూలీలు, కోరంగి రేవు పేర 'కోరంగీ'లని పిలువబడినవారు, మేస్త్రీయొద్ద ముందుగా సొమ్ము గొని పోయెడివారు. యజమాని యిచ్చు కూలి మేస్త్రీచేతికి వచ్చెడిది. అతడు తన బాకీ మినహాయించుకొని మిగిలినదే కూలివానికిచ్చెడివాడు. 1937లో బర్మా హిందూదేశమునుండి వేఱుపడుటతో వారు కూర్చున్న చోటనే విదేశీయులైరి.

నేటి యేర్పాటు వేఱు. అరబు ఎమిరేట్ల ప్రభుత్వము 2009లో వేతన రక్షణ పద్ధతిని నెలకొల్పినది. యజమాని ప్రతి పనివాని జీతపు పట్టిని బ్యాంకుద్వారా పంపవలెను. సొమ్ము చెల్లినదో లేదో సర్కారు చూడగలదు. సౌదీ అరేబియా, కటారు దేశములును పిదప నీ త్రోవనే త్రొక్కినవి. మంచి పనియే, కాదనము. కాని ఖాతాలో సొమ్ము పడుట వేఱు, పనివానిచేత బడుట వేఱు. ఏ.టి.ఎం. కార్డు యజమాని గుమాస్తాయొద్ద నున్నచో ఆ పట్టి దేనికి సాక్ష్యము?

ఇంతకన్న సూక్ష్మమైన మోసమొకటి కలదు. ఒప్పందమున జీతమును మూలవేతనము, భత్యములు అని చీల్చి వ్రాయుదురు. ఎమిరేట్లలో కొలువు విడుచునప్పుడిచ్చు గ్రాట్యుటీ మొదటి అయిదేండ్లకు ఏడాదికి 21 దినముల మూలవేతనము చొప్పున లెక్కింపబడును. నెలకు 1500 దిర్హాములు గొనువానికి మూలవేతనము 800 అని వ్రాసినచో, అయిదేండ్లకు 5250 దిర్హాములు రావలసినచోట 2800 మాత్రమే వచ్చును. సంతకము చేయునప్పుడీ సంగతి వాని కెవరు చెప్పిరి?

మన ప్రభుత్వ వైఖరియు నిర్దుష్టము కాదు. గల్ఫునకు బోవువారికి తానే నిర్ణయించిన కనీస వేతనపు రేట్లను కేంద్రము 2020 సెప్టెంబరులో తగ్గించెను. కరోనా కాలమున మనవారి కొలువులు నిలుచునని దానికి చెప్పిన కారణము. 2021 జూలై నాటికి పాత రేట్లే మరల వచ్చినవి. ఆ నడుమ తక్కువ రేటునకు ఒప్పందము వ్రాసినవారి నష్ట మెవరు పూడ్తురు?

ఆ 2020లోనే ప్రత్యేక విమానములలో తిరిగివచ్చినవారు పలువురు రావలసిన జీతము లచ్చటనే విడిచి వచ్చిరి. ఇంటికి చేరినవాడు అచ్చటి కార్మిక న్యాయస్థానమున వ్యాజ్యము నడుపుట దుర్ఘటము. విమానమెక్కకమునుపే వాని బాకీ జీతపు లెక్కను వ్రాసికొని, వాని తరఫున దావా నడుపుటకు అధికారపత్రము పుచ్చుకొను ఏర్పాటు, గల్ఫులోని మన ప్రతి దౌత్యకార్యాలయమునను ఉండవలెనని మేము కోరుచున్నాము.