తీగ తెగితే ఎవరొస్తారు?

వరికోతలయ్యాక గడ్డి ట్రాక్టర్లు ఊళ్ళోకి వచ్చే రోజుల్లో పల్లెల్లో నెట్ పోవడం మామూలే. ఇంటెత్తు గడ్డి లోడు వీధి మలుపులో కిందికి జారిన కేబుల్‌ను తగులుకుని లాక్కుపోతుంది. ఆ వరసలో ఉన్న ఇళ్ళన్నిటా మోడెం మీద ఎర్రలైటు మొదలవుతుంది. ఒక ఇంట్లో అమ్మాయి ఆన్‌లైన్ పరీక్ష ఆగుతుంది, ఇంకో ఇంట్లో హైదరాబాద్ కంపెనీకి ఊరినుంచే పనిచేస్తున్న కుర్రాడి మీటింగ్ మధ్యలో తెగుతుంది.

‘ఏమయ్యా, పొద్దుట్నుంచీ ఎర్రలైటే. ఎప్పుడొస్తావు?’

‘స్తంభం దగ్గరే ఉన్నా పెద్దమ్మా, ఇంకో గంటలో వచ్చేస్తుంది.’

ఈ రెండో మాట చెప్పే మనిషి మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఉన్నాడా? పల్లెలో బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకునేవారు అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఎంత స్పీడు, ఎన్ని ఓటీటీలు అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు. పట్నంలో ఒక అపార్టుమెంటుకు నాలుగు కంపెనీల తీగలు వస్తాయి. ఒకటి నచ్చకపోతే మర్నాడే ఇంకొకటి బిగించుకోవచ్చు. పల్లెకు చాలాసార్లు ఒకటే తీగ వస్తుంది. బిల్లు మీద ఏ పేరున్నా దాన్ని అతికేది మాత్రం ఊరి కేబుల్ ఆపరేటరో, బీఎస్‌ఎన్‌ఎల్ ఫ్రాంచైజీ కుర్రాడో. వాళ్ళ దగ్గర ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మిషన్ సొంతంగా ఉందా, లేక ప్రతిసారీ మండల కేంద్రం నుంచి తెప్పించాలా అని అడగండి. గంటలో వచ్చే నెట్‌కూ రెండు రోజులకు వచ్చే నెట్‌కూ తేడా తరచూ అక్కడే ఉంటుంది.

ఏ దారిన వచ్చింది?

దేశంలోని పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేయాలని కేంద్రం 2011లో నిర్ణయించింది. ఆ పథకమే తర్వాత భారత్‌నెట్ అయింది. పంచాయతీ ఆఫీసు దాకా తీగ వచ్చిన ఊళ్ళలో కూడా అక్కణ్నుంచి ఇంటి గడప దాకా ఉన్న ఆఖరి కిలోమీటరు మిగిలిపోయింది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో పథకాన్ని సవరించి, తీగను రింగులా తిప్పాలని నిర్ణయించారు. రింగు ఉంటే ఒకవైపు తెగినా రెండోవైపు నుంచి నెట్ వస్తుంది. ఒంటి తీగ మీదున్న ఊరికి ఆ భాగ్యం లేదు. మీ ఊరిది ఏదో ఆపరేటర్‌కు తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాలు రెండూ చెరో దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ మూడూ ఇస్తామంటూ పల్లెల్లోకి వెళ్ళింది. తెలంగాణ మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేసింది. స్తంభాల దారిలో పని త్వరగా, చౌకగా అవుతుంది. కానీ గాలి, చెట్టుకొమ్మ, కోతులు, గడ్డి లోడు అన్నీ దానికి శత్రువులే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో వేల స్తంభాలను పడగొట్టింది. అలాంటి రోజున స్తంభంతో పాటే తీగా నేలకు దిగుతుంది. భూమిలో తీగకు ఈ బాధలు లేవు, దాని శత్రువు జేసీబీ. అది తెగితే తెగినచోటు వెతికి, తవ్వి, అతకడానికి ఎక్కువ సమయం పడుతుంది. కోస్తాలో తుపాను దారిలో ఉన్న ఊరివాళ్ళు పైతీగ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నా గట్టి మాట.

ఫైబర్ రాని ఊళ్ళకు 2023లో ఎయిర్‌టెల్, జియో రెండూ ఎయిర్‌ఫైబర్ తెచ్చాయి. డాబా మీద పెట్టిన పెట్టె టవర్ నుంచి 5జీ సిగ్నల్ అందుకుంటుంది. తెగే తీగ లేకపోవడం పెద్ద సుఖం. అయితే ఎక్కువ డేటా మోసే 5జీ తరంగాలు దూరం పోలేవు, ఆకులు వాటిని మింగేస్తాయి, తడిసిన ఆకులు మరీనూ. కోనసీమలో కొబ్బరితోట మధ్యనున్న పెంకుటింటికీ, అనంతపురం మెట్టలో టవర్ కళ్ళెదుట కనిపించే డాబాకూ ఒకే ప్లాన్ ఒకేలా పనిచేయదు. బిగించడానికి వచ్చినవాళ్ళను టవర్ ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో అడిగి, డాబా మీదే స్పీడు చూపించమనండి.

స్పీడు విషయంలో మోసపోవడం తేలిక. 2023 నుంచి దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 2 ఎంబీపీఎస్ చాలు. ప్రకటనల్లో మాత్రం 300, 500 అంటారు. మామూలు ఇంట్లో ఒకరి క్లాసు, ఒకరి మీటింగ్, ఒక టీవీ ఒకేసారి నడవడానికి నిలకడగా వచ్చే 30 సరిపోతుంది. నిలకడ తెలియాలంటే అదే కనెక్షన్ ఉన్న పక్కింటికి రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య వెళ్ళి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో కొలవండి. ఊరంతా సినిమా చూసే వేళ అది. డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్ కూడా చూడండి. మీటింగ్‌లో మీ గొంతు అవతలివారికి చేరేది అప్‌లోడ్ మీదే.

కరెంటు పోతే

పాత ల్యాండ్‌లైన్‌కు రాగితీగలోంచే ఎక్స్ఛేంజ్ కరెంటు పంపేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్ గాజుతీగ, అందులో కాంతి తప్ప కరెంటు రాదు. కరెంటు పోతే మోడెంతో పాటు ఇంటి ఫోనూ ఆగుతుంది. పాత అలవాటుతో ‘ల్యాండ్‌లైన్ ఉంది కదా’ అని ధైర్యంగా ఉండే పెద్దవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పడంలేదు. రాత్రివేళ గుండెనొప్పి వచ్చి 108కి చేయాల్సి వస్తే అది ప్రాణాల మీదికి వస్తుంది. మోడెంకు మినీ యూపీఎస్ తగిలించండి. ఆపరేటర్ ఆఫీసులోని పెట్టెకు బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో కూడా అడగండి. అక్కడ లేకపోతే మీ యూపీఎస్ వృథా.

అందుకే ఇంటి నెట్ ఒక కంపెనీదైతే, జేబులో ఫోన్ ఇంకో కంపెనీది ఉండాలి. ఒకే కంపెనీ తీసుకుంటే బిల్లులో రాయితీ ఇస్తామంటారు. పట్నంలో తీసుకోండి, పల్లెలో వద్దు. మీ ఇంటి ఫైబరూ, ఊరి టవరుకు వచ్చే ఫైబరూ ఒకే దారిన వస్తే, ఆ దారి తెగినరోజు రెండూ పోతాయి.

ఏ సిమ్ అన్నది ఇంట్లోనే తేలాలి. ట్రాయ్ 2024 నిబంధనల ప్రకారం కంపెనీలు కవరేజ్ మ్యాపులను తమ సైట్లలో పెట్టాలి. అయితే మ్యాపులో రంగు కనిపించినంత మాత్రాన స్లాబు కింద మంచం దగ్గర సిగ్నల్ ఉంటుందని కాదు. చుట్టాలు, స్నేహితుల ఫోన్లు తీసుకుని వంటింట్లో, పడకగదిలో, పొలంలో మోటారు దగ్గర మాట్లాడి చూడండి. లోపల సిగ్నల్ అందని ఇంట్లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే ఇంటి నెట్ మీదే కాల్ వెళ్తుంది. నాన్నమ్మ చేతిలో ఉన్నది పాత 2జీ బటన్ ఫోన్ అయితే జియో సిమ్ అందులో పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ లేదు. డేటా అవసరంలేనివారికి కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే రీఛార్జ్ ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. దుకాణంలో చెప్పకపోతే మీరే అడగండి.

పాడేరు కొండల్లో ఉన్నవాళ్ళకు ఈ బేరీజులన్నీ దూరపు మాటలు. కొవిడ్ కాలంలో ఏజెన్సీ పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కి పాఠాలు విన్నారు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లో 7,287 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి కేంద్రం ఆమోదం తెలిపింది. అక్కడ ఏ టవర్ వస్తే అదే మన కంపెనీ. కానీ ఆ టవర్ వారంలో ఎన్నిరోజులు పనిచేస్తోందో పంచాయతీలో రాసిపెట్టి, పై అధికారుల ముందు పెట్టడం ఊరి చేతిలో పనే.

డబ్బు దగ్గరొక్క జాగ్రత్త. ప్రకటన ధర మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మోడెం డిపాజిట్ తిరిగి ఇస్తారో లేదో రసీదు మీద రాయించుకోండి. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా, ఒక వానాకాలం గడిచేదాకా నెలనెలా కట్టండి.

మొబైల్ కంపెనీ నచ్చకపోతే నంబరు మారకుండానే మారొచ్చు. ఆ నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండాక, పోర్ట్ అని ఇంగ్లిషులో టైపు చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు కలిపి 1900కు మెసేజ్ పంపి, వచ్చిన కోడ్‌తో కొత్త కంపెనీ దుకాణానికి వెళ్తే చాలు. ఫైబర్‌తో వచ్చే ల్యాండ్‌లైన్ నంబరుకు ఆ సౌకర్యం లేదు. కనుక బ్యాంకు, గ్యాస్, పింఛను కాగితాల్లో మొబైల్ నంబరే రాయించండి, ఇంటి నెట్‌ను ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు.