అరగంటలో తాగకపోతే కండ కరిగిపోతుందా?

సాయంత్రం ఏడున్నర. గుణదల పడవలరేవు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బైకు, దాని మీద ఓ కుర్రాడు. వీపున జిమ్ బ్యాగు, అందులో ఖాళీ షేకర్. పొడి ఇంట్లోనే మర్చిపోయాడు. ఫోన్‌లో కోచ్‌ని అడుగుతున్నాడు: "అన్నా, అరగంట దాటిపోయింది. ఇవాళ్టి వర్కవుట్ వేస్టేనా?"

ఇలాంటి కుర్రాడు మీకూ తెలిసే ఉంటాడు. మీరే అయినా ఆశ్చర్యం లేదు. ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని అమ్మ ఉంటే ఈ టెన్షన్ ఇంకాస్త ఎక్కువ.

వేస్ట్ కాదు. వర్కవుట్ అయిన గంటలోపు ప్రొటీన్ పడకపోతే కష్టమంతా వృథా అనే మాట జిముల్లో వేదవాక్యంలా నడుస్తోంది కానీ, 2013లో షోన్‌ఫెల్డ్, అరగాన్, క్రీగర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటికి జరిగిన ప్రయోగాలను కలిపి లెక్క తీస్తే వేరే సంగతి తేలింది. టైమింగ్ వల్ల వచ్చిందనుకున్న లాభం నిజానికి రోజు మొత్తం మీద ఎక్కువ ప్రొటీన్ తిన్నందువల్ల వచ్చిందట. అంటే చూసుకోవాల్సింది గడియారం కాదు, కంచం.

మరి కంచంలో ఎంత ఉండాలి? మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. బరువులెత్తే వాళ్లకు ఇది చాలదు. 49 ప్రయోగాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో 1.6 గ్రాముల దగ్గర లాభం ఆగిపోయింది. 70 కిలోల కుర్రాడికి అది రోజుకు 112 గ్రాములు.

ఇప్పుడు మన బెజవాడ శాకాహారి రోజును లెక్కేద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, 8 గ్రాములు. మధ్యాహ్నం అన్నం, గరిటెడు పప్పు, కూర, పెరుగు అన్నీ కలిపి 25. సాయంత్రం టీ, బజ్జీలు ఓ 5. రాత్రి మళ్లీ అన్నం, వేపుడు, పెరుగు... 17. మొత్తం 55. కావాల్సిన దాంట్లో సగం! ఈ సగం లోటును వదిలేసి షేక్ ఏడింటికి తాగాలా, ఏడున్నరకు తాగాలా అని కొట్టుకుంటున్నాం.

తమాషా ఏంటంటే, మనం ఉంటున్నది పప్పులు పండే చోటే. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే, చేను ఇంకా నిలబడి ఉండగానే, ఆ తడి నేలలో మినుములు, పెసలు చల్లుతారు. ఎల్‌బీజీ అని పిలిచే మినుము రకాలు గుంటూరు పక్కన లాం ఫారం నుంచి వచ్చినవే. ఆ 'ఎల్' అంటే లాం. మినప్పప్పులో, పెసల్లో వందకు 23 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. పంట మన ఊళ్లో పండినా, కంచంలోకి మాత్రం గరిటెడే వస్తోంది.

కొంచెం మార్చి చూడండి. ఇడ్లీ బదులు 75 గ్రాముల పెసలు నానబోసి రెండు పెసరట్లు, పక్కన గ్లాసు పాలు: 25 గ్రాములు. (ఉప్మా పెట్టించుకోండి, కాదనను. కానీ కండ పెట్టేది అట్టు, ఉప్మా కాదు.) మధ్యాహ్నం పప్పు రెట్టింపు చేస్తే ఆ పూట 31. బజ్జీల బదులు 50 గ్రాముల సెనగలతో గుగ్గిళ్లు, 9. రాత్రి వేపుడు స్థానంలో 50 గ్రాముల మీల్‌మేకర్ కూర. ఎండు మీల్‌మేకర్‌లో సగానికి సగం ప్రొటీనే కాబట్టి అన్నం, పెరుగుతో కలిపి 38. పడుకునే ముందు గ్లాసు పాలు. మొత్తం 110. డబ్బా మూత తీయకుండానే.

"అన్నీ వెజ్ ప్రొటీన్లే కదా, నాన్‌వెజ్‌లా పనిచేస్తాయా?" 2021లో బ్రెజిల్ పరిశోధకులు 19 మంది వీగన్ కుర్రాళ్లను, 19 మంది మాంసాహారులను 12 వారాలు కాళ్ల వ్యాయామం చేయించి చూశారు. ఒకరికి సోయా పొడి, మరొకరికి వే పొడి ఇచ్చి, ఇద్దరికీ కిలోకు 1.6 గ్రాములు అందేలా చూశారు. కండలో, బలంలో తేడా కనిపించలేదు. ఇక అన్నంలో తక్కువున్న లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువున్న మెథియోనిన్ అన్నంలో ఉంటుంది. పప్పన్నం కనిపెట్టిన వాళ్లకు ఈ పేర్లు తెలియవు, అంతే.

టైమింగ్‌ను పూర్తిగా గాలికొదిలేయమని కాదు. రాత్రి తొమ్మిదికి తిని పొద్దున ఐదున్నరకు పరగడుపున బరువులెత్తితే, అయిపోగానే టిఫిన్ చేయడం మంచిదే. నాలుగింటికి తిని ఆరింటికి జిముకెళ్తే తొమ్మిదికి భోంచేసినా ఏం కాదు. జిముకు ముందు గుగ్గిళ్లు మాత్రం వద్దు. స్క్వాట్ మధ్యలో పొట్ట ఉబ్బరిస్తే పరువు పోతుంది. గంట ముందు రెండు చక్కెరకేళీలు చాలు. మే నెల ఉక్కలో అయితే తర్వాత ఉప్పేసిన మజ్జిగ.

పొడి తప్పా? తప్పేం కాదు, వే కూడా పాల నుంచి వచ్చేదే. కానీ 2024లో మన దేశంలో దొరికే 36 రకాల ప్రొటీన్ పొడులను పరీక్షిస్తే 25 డబ్బాల్లో లేబుల్ మీద రాసినంత ప్రొటీన్ లేదు. అదే ఏడాది పోషకాహార సంస్థ కూడా కండల కోసం పొడులు వద్దంది. తొలి జీతంలో వేలు పోసి కొనే ముందు ఇది గుర్తుండాలి.

ఎ.కొండూరు తండాల వార్తలు చదివి "ప్రొటీన్ ఎక్కువైతే కిడ్నీ పోతుంది" అని అమ్మ భయపడొచ్చు. ఆ తండాల సమస్య వేరు, జిమ్ తిండితో దానికి సంబంధం లేదు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు ఈ మోతాదు ఇబ్బంది కాదు. ఇప్పటికే సమస్య ఉన్నా, షుగర్, బీపీ ఉన్నా డాక్టర్‌ని అడగకుండా పెంచొద్దు. పనిలో పనిగా బి12 కూడా చూపించుకోండి, శాకాహారుల్లో తరచూ తగ్గేది అదే.

ఇక కార్తీకం వస్తే సగం జిమ్ వెజ్ అయిపోతుంది. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లూ బోలెడు. ఆ రాత్రి ఫలహారంలో ఉప్మా ఒక్కటే కాకుండా, 100 గ్రాముల పనీర్ చేర్చండి: 18 గ్రాములు. పెసలు మాత్రం శుక్రవారం రాత్రే నానబోయాలి.