గినీ పిగ్‌ల జంటను ఇంటికి తెస్తున్నారా? తొలి రెండు వారాలే కీలకం

జంషెడ్‌పూర్: ఇల్లు చిన్నదైనా పిల్లల ముచ్చట తీర్చాలనుకునే కుటుంబాలు కుక్క, పిల్లులకు బదులు గినీ పిగ్‌లను ఎంచుకోవడం సహజమే. అరచేతిలో ఇమిడే ఈ సాధుజీవి చూడటానికి సులువైన పెంపకంలా కనిపిస్తుంది. అయితే వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే జంషెడ్‌పూర్ వంటి నగరంలో కొద్దిపాటి అజాగ్రత్త కూడా దాని ప్రాణం తీయగలదు. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఈ ఉక్కు నగరానికే కాక, రామగుండం, విజయవాడ వంటి మండే ఊళ్లకూ ఇది వర్తిస్తుంది.

జంట అంటే ఆడ, మగ కాదు

గినీ పిగ్ గుంపుగా జీవించే ప్రాణి. ఒంటరిగా ఉంచితే దిగులుపడుతుంది. స్విట్జర్లాండ్‌లో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనలు దీనిని ఒంటరిగా పెంచడాన్ని అనుమతించవు. కావున రెండింటిని తేవడమే సరైన పద్ధతి. కానీ జంట అనగానే ఒక ఆడ, ఒక మగ అని భావించడం పొరపాటు. ఆడది నాలుగైదు వారాల వయసులోనే గర్భం దాల్చగలదు. ఈనిన కొన్ని గంటలకే మళ్లీ గర్భం ధరించగలదు. ఏడెనిమిది నెలలు దాటాక తొలిసారి ఈనవలసి వస్తే కటి ఎముకలు విచ్చుకోక తల్లి మరణించే ప్రమాదం ఉంది. రెండు ఆడవి గాని, కలిసి పెరిగిన రెండు మగవి గాని మేలైన జంట. దుకాణదారు మాటపైనే ఆధారపడక పశువైద్యునితో లింగ నిర్ధారణ చేయించుకోవాలి. కుందేలును తోడుగా ఉంచరాదు. దానికి హాని చేయని కొన్ని సూక్ష్మజీవులు గినీ పిగ్‌కు ఊపిరితిత్తుల వ్యాధి తెస్తాయి.

పరిచయానికి తొందర వద్దు

రెండూ ఒకే చోట కలిసి పెరిగినవైతే నేరుగా ఒకే గూటిలో ఉంచవచ్చు. వేర్వేరు చోట్ల నుంచి వస్తే రెండు వారాలపాటు వేర్వేరు గదుల్లో ఉంచి ఆరోగ్యం గమనించాలి. ఆ తరువాత రెండింటికీ కొత్తదైన ఖాళీ నేలపై, మధ్యలో గడ్డి పోసి కలపాలి. దాక్కునే పెట్టెలు రెండు ఉండాలి. ఒకటి మూలకు నెట్టబడకుండా ప్రతి పెట్టెకూ రెండు ద్వారాలు అవసరం.

వెంటపడటం, గుర్రుమంటూ నడుము ఊపుతూ తిరగడం, ఒకదానిపై మరొకటి ఎక్కడం పెద్దరికం తేల్చుకునే తీరు మాత్రమే. పళ్లు పటపటలాడించడం, మీదికి దూకడం, రక్తం వచ్చేలా కరవడం కనిపిస్తే వెంటనే విడదీయాలి. ఆ సమయంలో చేయి పెట్టక మందపాటి తువాలు అడ్డం వేయాలి.

తొలి మూడు రోజులు

ఆండీస్ పర్వతాల్లో వేల ఏళ్ల క్రితం మచ్చికైనా, వేటకు గురయ్యే జంతువుకు ఉండే భయం దీనిని విడిచిపోలేదు. పైనుంచి వచ్చే చేయి దానికి గద్ద వలె తోస్తుంది. కాబట్టి మొదటి రెండు మూడు రోజులు ఎత్తుకోకూడదు. టీవీకి, వంటగదికి దూరంగా గూడు పెట్టి, ఒక వైపు గుడ్డ కప్పి, గడ్డి, నీరు అందుబాటులో ఉంచితే చాలు. తరువాత కొత్తిమీర రెబ్బను చేతితో అందిస్తూ మచ్చిక చేయాలి. ఎత్తేటప్పుడు ఒక చేయి ఛాతీ కింద, మరొకటి వెనుక కాళ్ల కింద ఉండాలి. పిల్లలు నేలపై కూర్చుని మాత్రమే పట్టుకోవాలి. హఠాత్తుగా గాలిలోకి ఎగిరి గంతులు వేయడం మొదలుపెడితే కుదురుకున్నట్లే.

జంటకు కనీసం ఏడున్నర చదరపు అడుగుల నేల కావాలి. అడుగున తీగ జాలీ ఉంటే పాదాలు పుండ్లు పడతాయి.

గడ్డి, విటమిన్ సి

ఆహారంలో అధిక భాగం ఎండుగడ్డే. జీవితాంతం పెరిగే పళ్లను అరగదీసేది అదే. వరిగడ్డిలో పోషకాలు తక్కువ కనుక అది సరిపోదు. శుభ్రమైన చోట కోసిన గరిక మంచిది. మనిషి వలెనే గినీ పిగ్ శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. కేవలం ధాన్యం తిన్న గినీ పిగ్‌లకు స్కర్వీ వస్తుందని 1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిష్ చూపారు. రోజూ చిన్న క్యాప్సికం ముక్క, కొత్తిమీర, అప్పుడప్పుడు జామ ముక్క ఇవ్వాలి. అన్నం, రొట్టె, ఉల్లి, బంగాళాదుంప పెట్టరాదు.

ఎండే ప్రధాన శత్రువు

వీటికి 18 నుంచి 24 డిగ్రీల ఉష్ణోగ్రత హాయి. 27 దాటితే వడదెబ్బ ముప్పు మొదలవుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వరండాలో, రేకుల కింద ఉంచడం ప్రాణాంతకం. ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో పెట్టి, గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి గూటిలో ఉంచాలి. చొంగ కార్చడం, ఎగశ్వాస, చాపుకుని పడుకుని కదలకపోవడం ప్రమాద సూచికలు. కొత్త జంటను తెచ్చుకోవడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అయితే చలి రాత్రుల్లో ఈదురుగాలి తగలకుండా చూడాలి.

జబ్బు దాచుకునే జీవి

వేటాడే జంతువు కంట పడకుండా జబ్బును దాచుకోవడం దీని స్వభావం. అందుకే వారానికోసారి వంటింటి త్రాసుపై తూచాలి. బరువు వారం వారం తగ్గుతుంటే, లేదా 12 గంటలు మేత ముట్టకపోతే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేయకూడదు. అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ వర్గపు మందులు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణం పోవచ్చు. పశువైద్యులందరూ ఈ చిన్న జీవులకు చికిత్స చేయరు. అందువల్ల జంటను కొనడానికి ముందే, చికిత్స చేయగల వైద్యుడు ఊరిలో ఎక్కడున్నారో తెలుసుకుని ఉండటం మంచిది.