గులాబీ పూలకు రెండు పేర్లు.. రుచి ఒక్కటే!

ఇంటి బిస్కెట్ల ఘుమఘుమల్లో సరిహద్దు క్రిస్మస్

పెరియపాళయం: డిసెంబరు నెల సగం దాటిందంటే చాలు.. ఆరణి ఏటి ఒడ్డు ఊళ్లలో సాయంత్రం పూట ఓ మాట వినబడుతుంది. ‘అక్కా.. అచ్చు ఉండాదా?’ అని. పొడవాటి ఇనుప కడ్డీ, దాని చివర రేకుల పువ్వు. ఇదే ఆ అచ్చు. ఇంటికొకటి ఉండదు. వీధికి ఒకటో రెండో ఉంటాయంతే. పదకొండు నెలలు అటక మీద పడి ఉండే ఆ కడ్డీకి క్రిస్మస్ ముందు పది రోజులూ క్షణం తీరిక ఉండదు. ఒక ఇంట్లో బాండ్లి దింపగానే ఇంకో ఇంటి పొయ్యి దగ్గరకు ప్రయాణం!

పెరియపాళయం అనగానే ఎవరికైనా భవానీ అమ్మవారే గుర్తుకొస్తారు. ఆడి నెలలో వేపాకులు ఒంటికి చుట్టుకుని మొక్కు తీర్చుకునే భక్తులు గుర్తుకొస్తారు. ఆంధ్ర వైపు నుంచి వచ్చిన గాజుల వ్యాపారి కథ ఒకటి అమ్మవారి గురించి ఇక్కడ చెప్పుకుంటారు కూడా. ఆ అమ్మవారి ఊరి చుట్టుపక్కలే మేరీమాత, ఏసుప్రభువు పటాలున్న ఇళ్లూ ఉన్నాయి. వాటిలో తెలుగు మాట్లాడుకునే ఇళ్లున్నాయి. కేకు బేకరీ నుంచి తెచ్చుకున్నా ఫరవాలేదు గానీ, ఇరుగు పొరుగుకు పంచే పళ్లెంలో బిస్కెట్లు మాత్రం సొంత పొయ్యి మీద చేసినవే కావాలన్నది ఈ ఇళ్ల పెద్దల పట్టుదల.

ఓవెన్ లేని కుకీలు

విదేశాల్లో క్రిస్మస్ కుకీ అంటే ఓవెన్‌లో కాల్చేది. జర్మనీలోనైతే పండగకు నాలుగు వారాల ముందు నుంచే ఇంటింటా ఈ సందడి మొదలవుతుంది. ఆ దేశపు హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్లు 1860లలోనే మన పక్కనున్న సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతాలకు వచ్చి పనిచేశారు. అయినా మన పల్లెల్లో ఓవెన్ ఎక్కడిది? కట్టెల పొయ్యి, దాని మీద నూనె బాండ్లి. కాబట్టి మన కుకీ కాలలేదు.. వేగింది!

అసలు ‘కుకీ’ అన్న మాటే డచ్చి వాళ్లది. చిన్న కేకు అన్న అర్థంలో వాళ్లు ‘కూక్యె’ అంటారు. ఆ డచ్చి వాళ్లు మనకు కొత్తవాళ్లేమీ కాదు. ఇదే తిరువళ్లూరు జిల్లాలోని పులికాట్‌లో, అంటే మన పెద్దలు ప్రళయకావేరి అనే చోట, 1613లో గెల్డ్రియా కోట కట్టుకుని వర్తకం చేశారు. 1825లో ఆ ఊరు ఇంగ్లీషు వాళ్ల పరమయ్యే దాకా వారి రాకపోకలు సాగాయి. వారి సమాధుల తోట ఇప్పటికీ అక్కడ ఉంది.

ఇక మన పళ్లెంలో రాణి గులాబీ పువ్వే. తెలుగిళ్లలో గులాబీ పూలంటే, పక్కింటి తమిళావిడ అచ్చు మురుక్కు అంటుంది. కేరళలో అది అచ్చప్పం. చెన్నైలోని ఆంగ్లో ఇండియన్లకు రోజ్ కుకీ. ఎక్కడో మంచు దేశాలైన స్వీడన్, నార్వేల్లోనూ ఇలాంటి ఇనుప అచ్చునే వేడి నూనెలో ముంచి క్రిస్మస్‌కు ఇలాంటి పువ్వులే చేస్తారు. అక్కడ పాలు, మైదా. ఇక్కడ కొబ్బరిపాలు, బియ్యప్పిండి. తేడా అంతే!

అచ్చు మొండికేస్తే..

గులాబీ పూలు చేయడం చూసేందుకు సులువే. కూర్చుంటే గానీ తెలియదు. పిండి కొలత ఇలా ఉంటుంది. బియ్యప్పిండి రెండు గ్లాసులు, మైదా ఒక గ్లాసు, పొడి కొట్టిన చక్కెర ఒక గ్లాసు, గుడ్లు రెండు, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి, చెంచాడు నువ్వులు. కొబ్బరిపాలు కొంచెం కొంచెం పోస్తూ ఉండలు లేకుండా కలపాలి. దోసె పిండి కన్నా కాస్త పల్చగా రావాలి. అరగంట నానితే మంచిది.

అచ్చును ముందు నూనెలోనే ఉంచి బాగా కాగనివ్వాలి. తీసి, నూనె ఓసారి విదిలించి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. చుయ్‌మని పిండి అంటుకోగానే మళ్లీ నూనెలోకి. కాసేపటికి అంచులు గట్టిపడతాయి. అప్పుడు కడ్డీని మెల్లగా కదిపితే పువ్వు విడిపోయి నూనెలో తేలుతుంది. రెండు వైపులా బంగారు రంగు రాగానే తీసేయాలి.

అనుభవం లేని వాళ్లు చేసే తప్పులు మూడే మూడు. అచ్చు సరిగా కాగకపోతే పిండి అంటుకోదు, గిన్నెలోనే జారిపోతుంది. అచ్చును పూర్తిగా ముంచేస్తే పిండి పైవైపు కూడా కప్పేసి పువ్వు ఊడిరాదు. తీపి బాగుండాలని చక్కెర ఎక్కువేస్తే పువ్వు లోపల వేగకముందే పైన నల్లబడుతుంది, అచ్చును పట్టుకుని వదలదు.

కొత్త అచ్చుతో ఇంకో తంటా. ఈ కథనం రాస్తున్న వాడి ఇంట్లోనూ ఓ ఏడాది సంతలో కొత్త అచ్చు కొని, అదే రాత్రి పొయ్యి మీద పెట్టారు. మొదటి పది పూలూ ముక్కలు ముక్కలే. చెంచాతో గీకీ గీకీ చేతులు కాలాయి. చివరికి పక్కింటి పెద్దమ్మ వచ్చి, కొత్త అచ్చును రెండు రోజులు బియ్యం కడుగులో నానబెట్టి, తుడిచి, ఓ రాత్రంతా నూనెలో ఉంచాలని చెప్పి, తన పాత అచ్చు తెచ్చిచ్చింది. అచ్చులు చేతులు మారేది అందుకే. ఏళ్ల తరబడి నూనె తాగిన ఇనుముకున్న గుణం కొత్త ఇనుముకు రాదు.

గవ్వలు.. దువ్వెన గీతలు

రాణి పక్కన చెలికత్తెల్లా గవ్వలుంటాయి. మైదాలో వెన్న, చిటికెడు ఉప్పు, కొబ్బరిపాలు వేసి గట్టిగా కలిపి, చిన్న ఉండలు చేసి, గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి దొర్లిస్తే చారల గవ్వ తయారు. చెక్క లేని ఇంట్లో కొత్త దువ్వెనో, ఫోర్కు వీపో ఆ పని చేస్తుంది. నూనెలో వేయించి పాకంలో వేస్తారు. మనకు బెల్లం పాకం అలవాటు. గోవా, ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ఇవే కల్‌కల్ పేరుతో చక్కెర పాకంలో మునుగుతాయి. పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి చేయించే పని ఇదొక్కటే. కిలో పిండి గవ్వలు ఒక్కరి వల్ల ఎక్కడవుతాయి?

కాల్చిన బిస్కెట్లు కావాలన్నా ఓవెన్ కొననక్కర్లేదు. పాత ప్రెషర్ కుక్కర్ అడుగున రెండు అంగుళాల మందాన ఇసుకో, కల్లుప్పో పోసి, పైన స్టాండు పెట్టి, మూతకున్న రబ్బరు, విజిల్ రెండూ తీసేసి పది నిమిషాలు వేడి చేస్తే అదే ఓవెన్. నీళ్లు పోయకూడదు. రబ్బరు, విజిల్ తీయడం మరవకూడదు. మైదా రెండు గ్లాసులు, నెయ్యి ఒక గ్లాసు, చక్కెర పొడి ఒక గ్లాసు, రెండు చెంచాల శనగపిండి, చిటికెడు బేకింగ్ పౌడరు కలిపి ఉండలు చేసి, కాస్త వత్తి పళ్లెంలో ఎడంగా పెట్టాలి. సన్నటి మంట మీద 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి. ఉడకలేదేమోనని మళ్లీ పెడితే మాడతాయి. చల్లారాకే అవి గుల్లగా, కరకరలాడేలా తయారవుతాయి.

పక్కింటికి వేరే వాయి

ఇక్కడి ఆడవాళ్లు పిండి కలిపేటప్పుడు ముందు వేరు చేసేది గుడ్డు వేయని పిండిని. క్రిస్మస్ వచ్చేది మార్గళి నెలలో. ఒక ఇంట్లో అయ్యప్ప మాల, ఇంకో ఇంట్లో ధనుర్మాసం నియమం. వాళ్లకు గుడ్డు పనికిరాదు. అందుకే గుడ్డు బదులు కొబ్బరిపాలు కాస్త చిక్కగా పోసి, కొత్త నూనెలో మొదటి వాయి వాళ్ల కోసం తీస్తారు. గుడ్డు కలిపిన పిండి ఆ తర్వాతే. అచ్చు కూడా ముందు అటు వైపే. మాల వేసుకున్న వాళ్లు ఆ రోజు తినకపోయినా నొచ్చుకోరు. డబ్బాలో పెట్టుకుని మాల తీశాక తింటారులే అనుకుంటారు.

ఆ పళ్లెం ఖాళీగా తిరిగి రాదు. సంక్రాంతికి చక్కెర పొంగలి, మురుకులు, నిప్పట్లతో వెనక్కి వస్తుంది. ఏ పళ్లెం ఎవరిదో గుర్తుండేందుకు అంచు మీద పేరు చెక్కించుకునే రోజులు పోయినా, పళ్లెం నడక మాత్రం ఆగలేదు. బేకరీ డబ్బా ఇస్తే తీసుకున్నావిడ థ్యాంక్స్ చెబుతుంది. ఇంట్లో చేసిన పువ్వు ఇస్తే, ‘ఇంత సన్నగా ఎట్లా వచ్చింది పిన్నమ్మా?’ అని అడుగుతుంది. రెండింటికీ తేడా అక్కడే ఉంది.

వాన మీద పందెం

ఈ పండగ వంటకు పెద్ద శత్రువు వాన. నవంబరు, డిసెంబరు ఈశాన్య రుతుపవనాల కాలం. ఎగువన పిచ్చాటూరు ఆరణియార్ డ్యాం గేట్లు ఎత్తారంటే ఇక్కడ ఏటి ఒడ్డు వాళ్ల గుండెల్లో గుబులు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను చెన్నైతో పాటు తిరువళ్లూరు జిల్లానూ ముంచేసింది. నానబెట్టిన బియ్యం ఆరక, పిండి పట్టక, గాలిలో చెమ్మకు వేయించినవీ మెత్తబడిపోతే ఏం చేసేది?

అనుభవమున్న వాళ్ల ఉపాయం ఒకటుంది. ఎండ లేకపోతే బియ్యప్పిండిని బాండ్లిలో సన్నటి మంట మీద తడి పోయేదాకా వేయించి జల్లెడ పడతారు. పూలు పూర్తిగా చల్లారాకే మూత గట్టి డబ్బాలో పేపరు వేసి సర్దుతారు. వేడి మీద మూత పెట్టారా.. తెల్లారేసరికి గులాబీలు వాడిపోయినట్లే!

మాట మిగిలేది పొయ్యి దగ్గరే

వానను మించిన కష్టం తీరిక లేకపోవడం. శ్రీసిటీ, గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు షిఫ్టుల్లో వెళ్లే ఆడపిల్లలు రాత్రి ఇల్లు చేరి బాండ్లి ముందు కూర్చోలేరు. రెండు వందల పూలు వేయాలంటే మూడు నాలుగు గంటల పని. నడుం పట్టేస్తుంది. దుకాణంలో అచ్చు మురుక్కు ప్యాకెట్లలో దొరుకుతుంటే ఈ పాట్లెందుకని అడిగితే తప్పు పట్టలేం.

కానీ ప్యాకెట్‌తో పాటు రానిది ఒకటుంది. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ సిఫార్సుల మేరకు సరిహద్దు మారింది. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రలోకి వెళ్లాయి. గీత మారినా వియ్యాలు మారలేదు, ఇళ్లలో మాటా మారలేదు. 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఏడాదికో తరగతి చొప్పున పెరుగుతూ 2015-16కు పదో తరగతికి చేరింది. తెలుగు వంటి మైనారిటీ భాషల పిల్లలు పరీక్షల్లో మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. తమిళం నేర్చుకోవాల్సిందే, ఉన్న ఊరి భాష అది. అయితే బడిలో తెలుగు పుస్తకం లేని పిల్లకు తెలుగు మాట దొరికేది ఎక్కడ?

పొయ్యి దగ్గర దొరుకుతుంది. జారుపిండి, వాయి, తీగ పాకం, ఉండ పాకం, చెమ్మ, గుల్ల.. ఈ మాటలు ఏ వాచకంలోనూ పాఠంగా రావు. గవ్వలు దొర్లిస్తూ కూర్చున్న పదేళ్ల పిల్ల వాటిని అడగకుండానే నేర్చుకుంటుంది. నాయనమ్మ ‘ఇంకో వాయి’ అంటే ఏం చేయాలో దానికి తెలుసు. అదే పిల్ల పక్కింటికి పళ్లెం తీసుకెళ్లి ‘అచ్చు మురుక్కు’ అని తమిళంలో చెప్పి వస్తుంది. రెండు పేర్లూ నోటికి వచ్చిన పిల్ల అది. ప్యాకెట్ విప్పిన ఇంట్లో ఒక పేరే మిగులుతుంది.

అన్నీ ఇంట్లోనే చేయాలని ఎవరూ అనరు. కేకు కొనుక్కోండి, కజ్జికాయలు కొనుక్కోండి. ఒక్క గులాబీ పువ్వు మాత్రం, కనీసం ఒక గ్లాసు పిండితోనైనా, పండగ ముందు ఆదివారం పిల్లలను కూర్చోబెట్టుకుని వేయండి. మూడు నాలుగు ఇళ్ల వాళ్లు కలిస్తే పని సగం. నూనె ఖర్చూ పంచుకోవచ్చు. అచ్చు లేదంటారా? వీధిలో ఎవరో ఒకరి అటక మీద ఉంటుంది, అడగండి. అయితే ఓ సంగతి.. అచ్చు వెనక్కి ఇచ్చేటప్పుడు ఉత్త చేతులతో ఇవ్వకూడదు. కడ్డీతో పాటు ఓ గుప్పెడు పూలు పెట్టాలి. అది ఈ ఏటి ఒడ్డు రివాజు!