కసుబి రాజసమాధులు

ఉగాండా రాజధాని కంపాలాలో కసుబి అనే కొండ ఉంది. బగాండా ప్రజలు తమ రాజును ‘కబాకా’ అంటారు. మొదటి ముటెసా అనే కబాకా 1882లో ఈ కొండపై రాజమందిరాన్ని నిర్మించాడు. 1884లో ఆయన మరణించగా అందులోనే సమాధి చేశారు. తరువాతి కబాకాలు ముగ్గురి సమాధులు కూడా అక్కడే ఉన్నాయి.

గడ్డి కప్పుగల ఆ మందిరంలో పైకప్పు లోపలి 52 వలయాలు బగాండాల 52 వంశాలకు ప్రతీకలు. చెట్టుబెరడు వస్త్రపు తెర వెనుక సమాధులున్న చోటును ‘అడవి’గా భావిస్తారు. కబాకా మరణించాడని వారు అనరు. అడవిలో కనుమరుగైనాడని అంటారు.

2001లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఈ మందిరం 2010 మార్చి 16న అగ్నికి ఆహుతి అయింది. కాని కప్పువేసే విద్య న్గేయే వంశీయులలో తరతరాలుగా నిలిచి ఉంది. ఆ నేర్పుతోనే మందిరం మరల రూపుదిద్దుకొన్నది. 2023లో యునెస్కో దీనిని ప్రమాదంలో ఉన్న సంపదల జాబితా నుండి తొలగించింది.